చెప్పుల పట్టీ గుర్తు

“పన్నెండింటికి రాహుకాలం వచ్చేస్తదండి. ఈలోపే స్టేషన్లో కంప్లయింటు పడిపోవాలి. ఆ తర్వాత వాణ్ణి ఎవడొచ్చి విడిపిస్తాడో నేనూ చూస్తాను,” అన్నాడు గణేష్‌బాబు.

కోపం పట్టలేకపోతున్నాడు. పాతికేళ్ళ కుర్రాడు. చెల్లెలి మొహం మీద బొబ్బలు చూసినప్పటినుంచీ సరిగ్గా తిండి తినలేదని అతని చెంపలే చెబుతున్నాయి. సూర్యకళకి అతని మీద జాలి తప్ప ఇంకేమీ కలగలేదు.

రాజమండ్రిలో ఆమె ప్రైవేటు డిటెక్టివ్‌గా బోర్డు పెట్టుకుని ఎనిమిదేళ్ళయింది. నిన్న సాయంత్రం వరుణ్ అనే కుర్రాడి తల్లి జగదాంబ వచ్చి, “మావాడు ఆ పిల్ల మీద యాసిడ్ పోశాడంటున్నారమ్మా. నేనేం చెయ్యలేదు అన్న ఒక్క ముక్క తప్ప వాడు ఇంకేం మాట్లాడట్లేదు,” అని ఆమె చేతులు పట్టుకుని ఏడ్చింది. అందుకే ఇవాళ సూర్యకళ గణేష్‌బాబు తండ్రి, బట్టల వ్యాపారి గంగయ్యగారి హాల్లో కూర్చుంది.

ఎదురుగా పడక్కుర్చీలో ఉన్నది నాగేశ్వరప్రసాద్. రిటైరయిన సర్కిల్ ఇన్‌స్పెక్టరు, సూర్యకళ అక్క మొగుడు. ఖాళీగా కూర్చోలేక ఆయనా ప్రైవేటు కేసులు చూస్తున్నాడు. గంగయ్యగారు పిలిపించింది ఆయన్నే. ఈ బావా మరదలూ చెరో పక్షం నిలబడటం కొత్తేం కాదు. కిందటిసారి సూర్యకళ నెగ్గితే ఆయన నెల్లాళ్ళు ఆమె ఇంటి గుమ్మం తొక్కలేదు. ఆఖరికి అక్కే గారెలు వండి ఇద్దర్నీ ఒకే పీటల వరసలో కూర్చోబెట్టింది.

“సోమవారం సాయంత్రం నువ్వు చూసింది చెప్పు బాబూ,” అంది సూర్యకళ. “చూసింది మాత్రమే చెప్పు. అనుకున్నది వద్దు.”

“మేడమీద కిటికీలోంచి చూశానండి. దొడ్డివైపు సందులో ఆ వరుణ్ గాడూ మా చెల్లీ నిలబడున్నారు. వాడి చేతిలో సీసా ఉంది. అది వంచి దీని చేతుల్లో పోశాడు. ఇది రెండు చేతులూ మొహానికేసి పెట్టుకుంది. నేను ఒక్క అరుపు అరిచాను. వాడు సీసా పారేసి పరుగో పరుగు.”

“ప్రసన్న కేక పెట్టిందా?”

“లేదండి.”

“ఏడ్చిందా?”

“లేదండి. భయపడిపోయి ఉంటది.”

“నువ్వు కిందికి దిగేసరికి మొహం ఎలా ఉంది?”

గణేష్‌బాబు ఒక్క క్షణం తటపటాయించాడు. “ఎర్రగా ఉందంతేనండి. గదిలోకెళ్ళి తలుపేసుకుంది. మంగళవారం తెల్లారేసరికి మొహం, చేతులు అంతా బొబ్బలు.”

“రాత్రంతా ఆగి, తెల్లారాక కాల్చే యాసిడా బావగారూ?” అంది సూర్యకళ.

“నెమ్మదిగా పనిచేసేవీ ఉంటాయి మరదలా. వాడు కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటు. ఏ సీసా ఏం చేస్తుందో వాడికి తెలిసినంత నీకూ నాకూ తెలీదు.” నాగేశ్వరప్రసాద్ కుర్చీలో ముందుకి వంగాడు. “రెండు నెలల కిందట పిల్లనిమ్మని అడిగాడు. గంగయ్యగారు పొమ్మన్నారు. కారణం ఉంది, సరుకు ఉంది, చూసిన సాక్షి ఉన్నాడు, సీసా నా దగ్గరుంది. ఇంకేం కావాలే నీకు?”

“ఆ పిల్ల నోటిమాట కావాలి. ఇచ్చిందా?”

ఆయన పడక్కుర్చీలో వెనక్కి వాలాడు. ప్రసన్నలక్ష్మి రెండు రోజులుగా ఎవరికీ ఒక్క ముక్క చెప్పలేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

గంగయ్యగారు అప్పటికే ఇస్త్రీ చొక్కా వేసుకుని సిద్ధంగా ఉన్నారు. “పదకొండున్నర దాకా ఆగుతానమ్మా. జగదాంబగారి మొహం చూసి ఆగుతున్నాను. ఆపైన నన్నేమీ అనకండి,” అన్నారు.

దొడ్డివైపు సందు మనిషి వెడల్పు కంటే కాస్త ఎక్కువ. కింద నల్లటి కడపరాళ్ళు పరిచి ఉన్నాయి. సూర్యకళ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, ఒక్కో రాయినీ చూసుకుంటూ ఆ చివరినుంచి ఈ చివరికి వచ్చింది. తర్వాత వంటింటి గుమ్మం వైపు తిరిగింది.

“సూరమ్మగారూ, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఉందాండి?”

ప్రసన్న నానమ్మ సూరమ్మ. తల్లి లేని పిల్లలిద్దర్నీ పెంచింది ఆవిడే. డెబ్భై దాటినా వంటిల్లు ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. అడిగిన సీసా తెచ్చి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ లోపలికి వెళ్ళిపోయింది.

సూర్యకళ ఒక రాతి అంచు మీద రెండు చుక్కలు వేసింది. బుస్సుమని నురగ లేచింది. నురగ చల్లారాక నల్లటి రాయి మీద తెల్లటి మచ్చ మిగిలింది.

“అరచేతుల్లో పోస్తే నాలుగు చుక్కలైనా కింద పడతాయి కదండీ. ఈ సందులో ఇంకొక్క తెల్లమచ్చ చూపించండి, నేను ఇంటికెళ్ళిపోతాను.”

నాగేశ్వరప్రసాద్ మోకాలు పట్టుకుని కష్టమ్మీద వంగాడు. చాలాసేపే వెతికాడు. “కడిగేసి ఉంటారు.”

“కడిగితే మురికి పోతుంది. యాసిడ్ తినేసిన రాయి తిరిగొస్తుందేంటండి?”

“నీకు నోరు ఎక్కువే. ఇదిగో, దీనికేం చెబుతావ్?” ఆయన సంచీలోంచి సీసా తీశాడు. తెల్లటి ప్లాస్టిక్ సీసా. మీద అంటించిన కాయితం గోళ్ళతో గీకి పీకేసినట్టుంది. “తప్పుడు పని చేసేవాడే పేరు చింపుతాడు. దీన్ని హైదరాబాద్ ల్యాబుకి పంపిస్తాను. అప్పుడు తెలుస్తుంది.”

సూర్యకళ సీసా అందుకుని మూత తీసింది. వాసన చూసింది. ఆయన వద్దు అనేలోపే వంచి, తన ఎడమ చేతి మీద పోసుకుని రుద్దేసింది.

“ఒసేయ్ పిచ్చిదానా!” నాగేశ్వరప్రసాద్ అరుపుకి కాకులు లేచిపోయాయి. మోకాలి నొప్పి మర్చిపోయి ఒక్క అంగలో వచ్చి ఆమె మణికట్టు పట్టుకుని కుళాయి కింద పెట్టాడు. “మీ అక్కకి నేనేం సమాధానం చెప్పుకోనే? ముప్పై ఏళ్ళ సర్వీసులో ఇలాంటి మొండిఘటాన్ని చూళ్ళేదు!”

“చల్లగా ఉంది బావగారూ.”

“ఏంటీ?”

“చల్లగా ఉంది. సెంటు వాసన వస్తోంది. మొహానికి రాసుకునే లోషను.”

ఆయన ఆమె చెయ్యి తిప్పి తిప్పి చూశాడు. మంటా లేదు, ఎరుపూ లేదు. అయినా మణికట్టు వదల్లేదు. అది చూసి సూర్యకళకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. ఇలా చేసి ఉండాల్సింది కాదనుకుంది.

“సరే,” అన్నాడాయన కాసేపటికి, మళ్ళీ ఇన్‌స్పెక్టరు గొంతుతో. “యాసిడ్ కాదు. ఒప్పుకున్నాను. మరి ఆ పిల్ల మొహమ్మీద బొబ్బలు ఎక్కడినుంచి వచ్చాయి? అది చెప్పు, అప్పుడు గంగయ్యగార్ని నేనే ఆపుతాను.”

న్యాయమైన ప్రశ్నే. సూర్యకళ ప్రసన్న గదివైపు నడిచింది.

ప్రసన్నలక్ష్మి మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది. ఇరవై ఏళ్ళుంటాయి. నుదురు, ముక్కు, బుగ్గలు కమిలిపోయి నీటి బొబ్బలు తేలాయి. చేతుల వెనక భాగాలు అంతకంటే అన్యాయంగా ఉన్నాయి. గుమ్మంలో బావగారు నిలబడి ఉండగానే సూర్యకళ మంచం అంచున కూర్చుంది. ఏమీ అడగలేదు. చూస్తూ కూర్చుంది.

గడ్డం కింద చర్మం తేటగా ఉంది. మెడ ముందు, జాకెట్టు అంచు వరకూ ఎరుపు వచ్చి, గీత గీసినట్టు అక్కడితో ఆగిపోయింది.

“ఈ గాజులు కాస్త పైకి జరపనా తల్లీ? నొప్పెడితే చెప్పు.”

గాజుల కింద మణికట్టు చుట్టూ మామూలు రంగు చర్మం, గాజు వెడల్పున. సూర్యకళ చూపు కిందికి, పరికిణీ అంచు కిందికి దిగింది. పాదాలు కూడా ఎర్రగా కమిలి ఉన్నాయి. కానీ ఆ ఎరుపు మధ్యలోంచి, బొటనవేలి సందునుంచి రెండు పక్కలకీ విడిపోయి, రెండు తెల్లటి చారలు.

“చేతుల్లో పోసిన యాసిడ్ కాళ్ళ దాకా వెళ్ళి, చెప్పుల పట్టీ కింద చోటు వదిలేసి మరీ కాలుస్తుందా అమ్మలూ?”

ప్రసన్న గబుక్కున పాదాలు పరికిణీలోకి లాక్కుంది.

“ఇది ఎండ చేసిన పని. ఈమధ్య ఎండలో ఎక్కడ తిరిగావు?”

“ఆదివారం పట్టిసీమ వెళ్ళామండి,” రెండు రోజుల తర్వాత ఆ పిల్ల నోటివెంట మొదటిమాట వచ్చింది. “వీరభద్రుడి మొక్కు. గోదాట్లో నీళ్ళు తక్కువగా ఉన్నాయని ఇసకలో నడిచే వెళ్ళాం. మధ్యాహ్నమైపోయింది.”

“మీ అన్నయ్యా నడిచాడు, నానమ్మా నడిచింది. వాళ్ళకి ఏమీ కాలేదు. నువ్వే ఎందుకు కాలావు? ఏం మందు వాడుతున్నావమ్మా?”

ప్రసన్న తల దించుకుంది. సూర్యకళ గుమ్మం వైపు ఒక్క చూపు చూసింది. నాగేశ్వరప్రసాద్ మారు మాట్లాడకుండా బయటికెళ్ళి తలుపు దగ్గరగా వేశాడు. అలాంటివి ఆయనకి చెప్పక్కర్లేదు.

అప్పుడు ప్రసన్న జడ పక్కకి తీసి, వెనక్కి తిరిగింది. మెడ మీద, వెంట్రుకలు మొదలయ్యేచోట, రూపాయి బిళ్ళంత తెల్లమచ్చ.

“బొల్లండి. ఆర్నెల్లయింది.” కన్నీళ్ళు బొబ్బల మీద పడి మండుతుంటే తుడుచుకోవడానికి కూడా లేదు. “నానమ్మకి తెలిస్తే బెంగతో మంచం పడుతుంది. నాన్నకి తెలిస్తే నాకిక పెళ్ళి కాదని కుంగిపోతారు. వరుణ్‌కి ఒక్కడికే చెప్పాను. హారతి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళింది తనే.”

“మందిచ్చారా?”

“మాత్రలిచ్చారండి. అవి వేసుకుంటే ఒంటికి ఎండ మామూలు కంటే ఎన్నోరెట్లు ఎక్కువగా పట్టేస్తుందంట. వేసుకున్న రోజు మచ్చకి మాత్రం కాసేపు ఎండ చూపించాలి. ఆ తర్వాత పొద్దుగూకేదాకా గొడుగు, నిండుచేతుల జాకెట్టు, నల్లకళ్ళద్దాలు. కాలేజీలో అందరూ నేను స్టయిల్ కొడుతున్నానంటారు.” చిన్నగా నవ్వబోయింది, బుగ్గ నొప్పి పెట్టి ఆగిపోయింది. “ఎండ ఆగడానికి రాసుకునే లోషను కూడా రాశారు. ఇక్కడ దొరకదు. వరుణ్ వైజాగ్‌నుంచి తెప్పిస్తాడు. పాతది అయిపోతే సోమవారం కొత్తది తెచ్చాడు. ఎవరికీ తెలీకుండా పేరు చింపెయ్యమన్నది నేనే.”

“ఇంత జరుగుతుంటే అతను నోరెందుకు విప్పలేదు?”

“మచ్చ సంగతి నీ నోటివెంట రాకూడదని ఒట్టేయించుకున్నానండి.”

కటకటాల్లోకి వెళ్ళడానికైనా సిద్ధపడ్డాడు గానీ ఆ కుర్రాడు ఒట్టు తప్పలేదు.

“అయితే ఆదివారం మాత్ర వేసుకుని ఎండలోకి ఎందుకెళ్ళావు తల్లీ? గొడుగేమయింది?”

“వేసుకోలేదండి!” ప్రసన్న తలెత్తింది. “ఊరెళ్ళాలని తెలిసి శనివారమూ మానేశాను, ఆదివారమూ మానేశాను. మాత్ర లేదు కదా, భయం లేదనుకున్నాను. నానమ్మకి ఎండ తగులుతోందని గొడుగు ఆవిడకిచ్చేశాను. అందుకే నాకూ అర్థం కావట్లేదండి, ఎందుకిలా అయిందో.”

హాల్లోకి వచ్చేసరికి గడియారం పదకొండున్నర దాటింది. గుమ్మంలో గంగయ్యగారి కారు లేదు.

“వెళ్ళిపోయారు,” అన్నాడు నాగేశ్వరప్రసాద్. “నేను ఆపబోయాను. బొబ్బలు ఎందుకొచ్చాయో చెప్పండి, ఆగుతానన్నారు. ఏం చెప్పను?”

సూర్యకళ అప్పటికే ఫోను తిప్పుతోంది. అవతల హారతి డాక్టరు గొంతు ఖంగుమంది. “నా పేషెంట్ల సంగతి నేను ఎవరికీ చెప్పనండి. మందు సంగతి అడగండి, ఎంతైనా చెబుతాను.”

“మందు సంగతేనండి. బొల్లికిచ్చే మాత్ర వేసుకుని ఎండలో తిరిగితే ఒళ్ళు ఎప్పుడు కాలుతుంది?”

“అప్పటికప్పుడు తెలీదు. రెండోనాడు, ఒక్కోసారి మూడోనాడు బొబ్బలు తేల్తాయి. అందుకే జనం దానికీ దీనికీ ముడిపెట్టుకోలేరు. చర్మం ఎలాగో మానుతుంది. కళ్ళు జాగ్రత్త. మందు ఒంట్లో ఉండగా నల్లద్దాలు లేకుండా ఎండలోకి వెళ్తే కళ్ళు దెబ్బతింటాయి.”

“రెండు రోజులుగా మాత్ర వేసుకోలేదనుకోండి. అయినా కాలిందనుకోండి.”

“అయితే అలాంటి గుణమున్నదే ఇంకేదో కడుపులోకి వెళ్ళింది. ఇంట్లో పసరు మందులేమైనా ఇస్తున్నారేమో కనుక్కోండి. వెంటనే కనుక్కోండి.”

సూర్యకళ ఫోను పెట్టేసి వంటింట్లోకి నడిచింది. సూరమ్మ పొయ్యి ముందు పీట మీద కూర్చుని ఉంది. పక్కన పాలగ్లాసు, పొడి డబ్బా. సూర్యకళ ఆవిడ పక్కనే నేలమీద చతికిలబడింది.

“మనవరాలి మెడమీద మచ్చ మీరెప్పుడు చూశారు నానమ్మగారూ?”

ముసలావిడ ఉలిక్కిపడి తలుపు వంక చూసింది. “మెల్లగామ్మా! పిల్ల వింటుంది. దానికి తెలీదు, పాపం. మెడ వెనకాల కదా, దానికి కనపడదు. మొన్న శివరాత్రికి తలంటుతుంటే చూశాను. నా గుండె చెరువైపోయింది. తెలిస్తే బెంగపెట్టుకుంటుందని దాని దగ్గర ఎత్తలేదు.”

“మీరే మందు మొదలెట్టారా?”

“మా పుట్టింటి వైపు బొల్లికి బావంచాలే మందు. గింజలు నానేసి, ఎండబెట్టి, దంచి, రోజూ పొద్దున పాలల్లో కలిపి ఇస్తున్నాను. ఒంటికి బలమని చెప్పి తాగిస్తున్నాను.” ఆవిడ కళ్ళు ఆశగా వెలిగాయి. “గుణం కనపడుతోందమ్మా. మచ్చ అంచులు నల్లబడుతున్నాయి.”

ఆ నల్లబడటం డాక్టరు మాత్ర వల్లో, ఈ పొడి వల్లో, రెండూ కలిసో. ఒకరికి తెలీకుండా ఒకరు, ఒకర్నొకరు నొప్పించకూడదనే. సూర్యకళకి ఆ ముడతలు పడ్డ చేతులు పట్టుకుని ఏడవాలనిపించింది.

“ఆదివారం పొద్దున కూడా ఇచ్చారా?”

“ఊరెళ్తున్నాం కదాని ముందే లేచి ఇచ్చాను.”

“ఇవాళ?”

“ఇవాళ ఇంకాస్త ఎక్కువే వేశానమ్మా. ఆ పాపిష్టివాడి యాసిడ్ విషం ఒంట్లోంచి పోవాలి కదా, రక్తం శుద్ధవుతుందని.”

“ఆ పొడి తాగిన ఒంటికి ఎండ నిప్పులాంటిది నానమ్మగారూ. యాసిడ్ ఎవరూ పొయ్యలేదు. మీ తప్పూ లేదు. కానీ ఇవాళ ఆ పిల్ల గడప దాటకూడదు, అంతే.”

సూరమ్మ నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. మాట అర్థమవుతున్నకొద్దీ ఆవిడ మొహం పాలిపోయింది. లేచి, గోడ పట్టుకుంటూ మనవరాలి గదివైపు పరిగెత్తింది. ఆ వెంటనే ఆవిడ కేక వినపడింది.

గది ఖాళీగా ఉంది. దొడ్డితలుపు బార్లా తీసి ఉంది. తండ్రి స్టేషన్‌కి వెళ్ళిపోయాడన్న మాట ప్రసన్న వినే ఉంటుంది. గొడుగు మేకుకి వేలాడుతోంది. నల్లకళ్ళద్దాలు బల్లమీద మడిచి ఉన్నాయి.

“స్టేషన్‌కే వెళ్ళుంటుంది, ఆ కుర్రాణ్ణి కాపాడుకోడానికి,” అన్నాడు నాగేశ్వరప్రసాద్. సూర్యకళ గొడుగు లాక్కుని వచ్చేసరికే ఆయన స్కూటరు స్టార్టు చేసి ఉంచాడు. గుమ్మంలో సూరమ్మ చేతులు జోడించి నిలబడిపోయింది. ఎవరికి దణ్ణం పెడుతోందో ఆవిడకే తెలీదు.

మండుటెండ. రోడ్డు మీద పురుగు లేదు. రెండు మలుపులు తిరిగాక కనిపించింది. వోణీ భుజం మీదనుంచి జారిపోయినా చూసుకోకుండా, నడిరోడ్డున వేగంగా నడుస్తోంది ప్రసన్న. స్కూటరు ఆగీ ఆగకుండానే సూర్యకళ దూకి, గొడుగు విప్పి ఆ పిల్ల తలమీద పట్టింది.

“నన్ను ఆపకండి పిన్నిగారూ. నాన్నకి నేనే చెప్పేస్తాను. మచ్చ చూపించేస్తాను. నాకు పెళ్ళి కాకపోయినా ఫర్వాలేదు, అతను జైలుకి వెళ్ళకూడదు.”

“ఎవరూ వెళ్ళరు,” అన్నాడు నాగేశ్వరప్రసాద్. ఆయన ఎప్పుడూ ఆడపిల్లలతో అంత మెత్తగా మాట్లాడగా సూర్యకళ వినలేదు. “తప్పు దారి పట్టించినవాణ్ణి నేను. నేను ఓడిపోయానని మీ నాన్నకి నేనే చెప్పాలి. నీ మచ్చ సంగతి మాత్రం నేనెత్తను. అది నీకు చెప్పాలనిపించినప్పుడు నువ్వు చెప్పుకో తల్లీ.”

తన మొహం మీది చలవ కళ్ళద్దాలు తీసి, బొబ్బలకి తగలకుండా రెండు చేతులతో జాగ్రత్తగా ఆ పిల్లకి పెట్టాడు. మరదలి వంక చూడకుండా స్కూటరు తిప్పుకుని స్టేషన్ వైపు వెళ్ళిపోయాడు.

సూర్యకళ ప్రసన్నని నడిపించుకుంటూ మూసేసిన ఒక కొట్టు రేకుల కిందికి తీసుకొచ్చింది. దూరంగా ఆటో వస్తుంటే చెయ్యెత్తింది. “తిన్నగా హారతిగారి దగ్గరికే పోదాం. మీ నానమ్మకీ నీకూ నేను రాజీ చేస్తాను. ఇద్దరూ ఇద్దరే, దొంగమొహాలు.”

ప్రసన్న నవ్వలేదు. ఒక చేత్తో సూర్యకళ కొంగు వెతుక్కుని పట్టుకుంది. రెండో చెయ్యి కళ్ళముందు అటూ ఇటూ ఆడించుకుంటోంది.

“పిన్నిగారూ,” అంది చాలా నెమ్మదిగా. “మనం నీడలోకి వచ్చేశాం కదండీ? నల్లద్దాలు కూడా పెట్టుకున్నాను కదా. మరి ఇంకా అంతా తెల్లగానే ఉందేంటండి?”